డాక్టరుగారికి నేను చెప్పని సడన్ బ్రేక్

ఆ గురువారం పొద్దున్న కాఫీ ఇస్తుండగా మా ఆవిడ ఎస్తేరు చేతిలోంచి గ్లాసు జారిపోయింది. "కుడిచెయ్యి తిమ్మిరిగా ఉందండీ, వేళ్ళకి పట్టు రావట్లేదు" అంది. కారణం నాకు తెలుసు. తెలిసే, "సరిగ్గా పడుకుని ఉండవులే" అన్నాను.

అంతకు నాలుగు రోజుల ముందు, ఆదివారం, అల్లవరం వైపు ఒక చర్చిలో పాడటానికి ఇద్దరం కారులో వెళ్తున్నాం. నేను క్వయర్ లీడర్ని, ఆవిడ కీబోర్డు వాయిస్తుంది. కొత్త పాటలో ఒక చరణం నాకు పట్టుబడలేదు. రిహార్సల్ రికార్డింగు కారు స్క్రీన్‌లో పెట్టి, ఆ ముక్క కోసం వేలితో వెనక్కి జరుపుతున్నాను.

"నేను పెడతానుండండీ, మీరు రోడ్డు చూడండి."

"ఎక్కడుందో నీకు తెలీదులే" అని విసుక్కున్నాను. తలెత్తేసరికి ఎదురుగా కొబ్బరికాయల ట్రాక్టరు ఆగి ఉంది. బ్రేకు తొక్కేశాను. కారు కాలవగట్టు అంచున ఆగింది. బండికి గీత కూడా పడలేదు. బెల్టు పెట్టుకున్నా ఆవిడ మెడ విసురుగా ఊగింది. "ఏం కాలేదులెండి" అంది. ఆరాధనకి వేళవుతోందని నేను బండి ముందుకు పోనిచ్చాను.

చెయ్యి చూపించడానికి వెళ్తే అమలాపురంలో డాక్టరుగారు అడిగారు: "మెడకి దెబ్బేమైనా తగిలిందాండీ? యాక్సిడెంటు లాంటిది?"

ఎస్తేరు నా వైపు చూసింది. "అబ్బే, ఏం లేదండీ" అన్నాను. బడిలో హెడ్మాస్టర్ని కదా, పిల్లలకి రోడ్ సేఫ్టీ చెప్పే పెద్దమనిషిని! నా పరువు కోసం ఆవిడ మూడు వారాలు విటమిన్ మాత్రలు మింగింది. నాలుగో వారానికి జాకెట్టు హుక్కు పెట్టుకోలేకపోయింది.

కాకినాడలో ఎమ్మారై తీశారు. "మెడపూసల మధ్య డిస్క్ జారి చేతికెళ్ళే నెర్వ్‌ని నొక్కేస్తోందండీ. గట్టి జెర్క్ తగిలుండాలే" అన్నారు అక్కడి సర్జన్‌గారు. అప్పుడు చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు. "మొదట్లోనే చెప్పుంటే అప్పుడే స్కాన్ తీయించేవారు కదండీ మాస్టారూ" అన్నారు. తిట్టినా బాగుండేది.

ఆపరేషన్ అయ్యింది. కుట్ల దగ్గర ఇన్‌ఫెక్షన్ వచ్చి, జ్వరంతో ఇంకో పది రోజులు ఆస్పత్రిలోనే ఉన్నాం. తర్వాత నెలల తరబడి ఫిజియోథెరపీ. రబ్బరు బంతి నొక్కలేక ఆవిడ ఏడుస్తుంటే పక్కన కూర్చుని నేనూ ఏడ్చాను.

ఇప్పుడు అన్నం కలుపుకుంటోంది, సంతకం పెడుతోంది. రెండు వేళ్ళు మాత్రం పూర్తిగా రాలేదు. "నెర్వ్ ఎక్కువ రోజులు నలిగిపోయిందండీ, ఇంతవరకే" అన్నారు సర్జన్‌గారు. చర్చిలో కీబోర్డు మీద ఎడమచేత్తో కార్డ్స్ మాత్రం పట్టుకుంటుంది. ట్యూన్ వాయించే చెయ్యి ఒళ్ళో ఉంటుంది.

చదివేవారికి నా మనవి ఒక్కటే. పాటైనా, మ్యాపైనా, ఫోన్ కనెక్షనైనా బండి కదలకముందే పెట్టుకోండి. మధ్యలో మార్చాలంటే పక్కనున్నవారికి వదిలేయండి, ఒంటరిగా ఉంటే పక్కకి తీసి ఆపండి.

మొన్న ధైర్యం చేసి అడిగాను: "డాక్టరుగారు అడిగినప్పుడు నువ్వైనా చెప్పొచ్చు కదా?"

"మీరు చెప్తారేమోనని చూసేనండీ" అంది.