మగ్గం ఆగిన రోజు

అమావాస్య నాడు గద్వాలలో మా అత్తగారింట్లో మగ్గం ఆపుతారు. ఆ రోజు ఇంట్లో చప్పుడు ఉండదు. రెండున్నరేళ్ల మా పాప మేఘన మగ్గం పక్కన కూర్చుని, దారం చుట్టిన కండెలను వరసగా పేరుస్తోంది. వెనక నుంచి పిలిచాను. తిరగలేదు. గట్టిగా పిలిచాను. ఊహూ.

అప్పటిదాకా మగ్గం చప్పుడులో వినపడట్లేదనే అనుకున్నాం. గంటలకొద్దీ నేత చూస్తూ కదలకుండా కూర్చుంటే మురిసిపోయాం కూడా. "నేతోళ్ల పిల్ల గట్లనే ఉంటది" అనేది అత్తమ్మ.

వనపర్తిలో చెవుల డాక్టర్ చూసి, వినికిడి పరీక్షకు, అదే బెరా టెస్ట్‌కు, హైదరాబాద్ పంపారు. చెవులు బాగానే ఉన్నాయి. అక్కడే పిల్లల డాక్టర్ మేడమ్ పాపను చాలాసేపు ఆడించి చూసి, "పర్వేసివ్ డెవలప్‌మెంటల్ డిజార్డర్" అన్నారు, ఆటిజం కోవలోదట.

"ఎప్పటికి తగ్గుతుంది?"

"ఇది జ్వరం కాదమ్మా, తగ్గడానికి. నేర్పుతూ పోవాలి."

నాకు ఒళ్లు మండింది. గొడవపడి బయటికొచ్చేశాను.

ఇంటికొస్తే అత్తమ్మ అందుకుంది. "ఫోన్ల మాట్లాడనీకె దినమంత దొరుకుతది నీకు, పిల్లతోని మాట్లాడనీకె దొరకదు. మాటలేడికెళ్లి వస్తయే?"

"మీ కొడుకు నెలకు నాలుగు మాటలు మాట్లాడతడు. ఆయన చిన్నప్పుడు మీరెవరికి ఫోన్ చేసిండ్రు?" అన్నాను. అన్నానే గానీ, అత్తమ్మ మాట గుచ్చుకుంది.

మాటలు నేనే తెప్పిస్తా అనుకున్నాను. దాహమైతే పాప నా చెయ్యి పట్టి నీళ్ల కుండ దగ్గరికి లాక్కెళ్లేది. విడిపించుకునేదాన్ని. "అమ్మా నీళ్లు అను, అప్పుడే ఇస్తా." ఏడ్చేది. వారం తర్వాత నా దగ్గరికి రావడమే మానేసింది. అత్తమ్మ చెయ్యి పట్టుకునేది. ఎంతసేపు ఫోన్ పట్టుకున్నా, ఆ చిన్న వేళ్ల కోసం ప్రాణం కొట్టుకునేది.

సిగ్గు చంపుకుని ఆ డాక్టర్‌కే ఫోన్ చేశాను.

"చెయ్యి పట్టి తీసుకెళ్లడమే ఆ పాప అడగడం. ఉన్న ఒక్క దారీ మూసేశారు. కొన్నాళ్లు పిలవకండి, పక్కన కూర్చోండి."

ఫోన్ అటక మీద పెట్టి కూర్చున్నాను. ఒక్కో కండె అందించాను. విసిరికొట్టింది. చాలా రోజులకు, ఇంకో కండె కోసం నా గుప్పిట విప్పింది. నాలుగో నెలలో నన్ను మళ్లీ కుండ దగ్గరికి తీసుకెళ్లింది. నేనే "నీళ్లు" అని, వెంటనే ఇచ్చాను.

ఇప్పుడు పాపకు ఆరేళ్లు. వచ్చిన మాటలు కూడా మధ్యలో ఒకసారి పోయాయి, మళ్లీ మొదలుపెట్టాం. "నీళ్లు", "బువ్వ", "వద్దు" అంటోంది. "అమ్మ" ఇంకా రాలేదు. పక్కింటి పిల్ల వాళ్లమ్మను "అమ్మా" అని పిలిస్తే ఇప్పటికీ నేనే తల తిప్పుతాను.

మీ పిల్లలు చెయ్యి పట్టి లాగితే విడిపించుకోకండి. ముందు వెంట వెళ్లండి. వాళ్లకు కావాల్సినదాని పేరు ఒక్కసారి చెప్పి, చేతికివ్వండి.