చీరల అట్ట మీద బాపు మాటలు

మా ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ బాపుతో గట్టిగా అరిచి మాట్లాడేవారు. పక్షవాతంలో మా నాన్నకు పోయింది మాట, చెవులు కాదు. ఆ సంగతి గుమ్మంలోనే చెప్పేదాన్ని. అయినా లోపలికి వచ్చి, మంచం మీదికి వంగి, పాలు తాగే పిల్లవాడితో మాట్లాడినట్టు "ఏం అన్నా, బువ్వ తిన్నవా, మంచిగున్నవా" అనేవారు. జవాబు కోసం ఆగేవారు కాదు. వాళ్లే తల ఊపి, వాళ్లే "ఆఁ, మంచిగనే ఉన్నడు" అనుకుని, చాయ్ కోసం నా వైపు తిరిగేవారు. చాలామందికి నేను చాయ్ ఇవ్వలేదు.

కోసాడ్‌లో సూరత్ అంచున ప్రభుత్వం కట్టిన కాలనీలో కింది అంతస్తు ఇల్లు మాది. ఈ ఇంటి గురించి చెప్పడానికేమీ లేదు. చెప్పవలసింది ఉధ్నాలో ఉంది. కరీంనగర్ వైపు నుంచి సాంచెల పనికి వచ్చే మగవాళ్లు ఒకప్పుడు ఉధ్నా స్టేషన్‌లో దిగి ముందుగా అడిగేది మా కార్ఖానా ఎక్కడ అనే. మరమగ్గాన్ని మావాళ్లు సాంచె అంటారు. ఆ సాంచెలన్నీ బాపు ఒక్కొక్కటిగా తెచ్చి నిలబెట్టినవి. బట్టకు గిరాకీ పోయినప్పుడు కొన్ని పాత ఇనుము కింద తూకానికి పోయాయి. మిగిలినవి షెడ్డుతో సహా చిన్నాయన చేతికి, అంటే బాపు సొంత తమ్ముడి చేతికి చేరాయి. ఎలా చేరాయో రాయను. రాస్తే మర్యాద తప్పి రాయాల్సి వస్తుంది. ఆనాటి నుంచి ఆ షెడ్డు గుమ్మం తొక్కనని అనుకున్నాను, తొక్కలేదు.

నేను ఇంట్లోనే చీరలకు లేసు కుడతాను. మూట ఆటోలో వస్తుంది, ఆటోలో పోతుంది. ఎవరి దుకాణం ముందూ నిలబడను. నా పెళ్లి ఏమైందన్నది ఇక్కడ ఎవరికీ అవసరం లేదు.

బాపు ఆసుపత్రి నుంచి వచ్చాక ఒక ట్రస్టు తరఫున గుజరాతీ అమ్మాయి వారానికోసారి రావడం మొదలుపెట్టింది. మాట పోయినవాళ్లకు వేరే దారిలో మాట్లాడడం నేర్పడం ఆమె చదువు. నాకు ఆమె నచ్చలేదు. ఇంటి లోపలికి చెప్పులతో వచ్చింది, నన్ను అడగకుండా బాపు పక్కన మంచం మీద కూర్చుంది. సంచిలో నుంచి బొమ్మల అట్ట ఒకటి తీసి ఆయన ఒళ్లో పెట్టింది. నీళ్లు, చాయ్, మాత్ర, నొప్పి, మరుగుదొడ్డి, నిద్ర, దేవుడు. బాపు ఎడమచేత్తో దాన్ని కిందికి తోసేశాడు. కుడిచెయ్యి అప్పటికే పనిచేయడం మానేసింది.

ఆమె అట్టను తీసి మళ్లీ పెట్టలేదు. "ఆయన అనాలనుకున్నది ఇందులో లేదేమో" అంది హిందీలో.

"ఇందులో ఉన్నవన్నీ అడుక్కునే మాటలు" అన్నాను. "మా బాపు జన్మలో ఎవరినీ నీళ్లిమ్మని అడగలేదు. చెయ్యి చాపకముందే గ్లాసు వచ్చేది."

"మరి పొద్దంతా ఏమనేవారు?"

ఆలోచించాను. ఎవరు చెప్పారు? ఎందుకైంది? ఇది కాదు. ఎవరిది? రేపు. పో. నోరు ముయ్యి. అవి వరసగా చెబుతుంటే ఆమె నవ్వింది. అవే రాయండి, మనుషులు మాట్లాడేది నీళ్ల గురించి కాదు కదా అంది. అప్పుడు మొదటిసారి ఆమెకు చాయ్ పెట్టాను.

చీరల డబ్బా మూత ఒకటి కోసి, దాని మీద ఆ మాటలు పెద్ద పెద్ద అక్షరాలతో రాశాను. బాపుకు అక్షరాలు కూడబలుక్కోవడం కష్టమైంది కాబట్టి ప్రతి మాట పక్కన ఆమె ఒక బొమ్మ గీసింది. 'అవును', 'కాదు' పై వరసలో, 'ఇల్లు' నడిమి వరసలో పెట్టించింది. 'నోరు ముయ్యి' నేను కింద మూలకు రాశాను, ఆయన వేలికి దగ్గరగా. ఆమె నాకు పెట్టిన నియమాలు మూడే. అట్ట ఎప్పుడూ ఆయన చేతికి అందేలా ఉండాలి. ఆయన వేలు కదులుతుంటే మధ్యలో మాట అందించకూడదు. మనకు అర్థమైంది నిజమేనా అని చివర ఆయన్నే అడగాలి. ఇందులో కొత్తేముంది అన్నాను. పెద్దవాడు మాట్లాడుతుంటే మా ఇంట్లో ఎవరూ నోరెత్తేవారు కాదు.

మరుసటి రోజే పక్క బ్లాకులో ఉండే మా తెలుగువాళ్లావిడ వచ్చింది. సూరత్‌లో పుట్టిన మనిషి, తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. వచ్చీ రాగానే "కాకా, బువ్వ తిన్నవా" అని అరిచింది. బాపు వేలు మూలకు పోయింది.

"ఏమంటుండు అక్కా?"

"నిన్ను నోరు ముయ్యమంటున్నాడు."

ఆమె ముఖం మాడిపోయింది. "అయ్యో పాపం, దిమాక్ గూడ ఖరాబైంది" అనుకుంటూ పోయింది. ఆ ముక్క కాలనీ అంతా పాకింది. నీళ్ల బొమ్మ చూపిస్తే తెలివి ఉన్నట్టు, నోరు ముయ్యమంటే తెలివి పోయినట్టు. మా జనం లెక్క అది.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. అట్ట ముందు లేనప్పుడు బాపు ఎడమచెయ్యి గాలిలో ఏదో చేస్తూ ఉండేది. వేళ్లు దేన్నో గిల్లినట్టు, లాగినట్టు, భుజం తుడుచుకున్నట్టు. అదేమిటో నాకు కొంత తెలుసు. సాంచెలు నడిచే షెడ్డులో పక్కవాడి కేక పక్కవాడికి వినపడదు. అందుకని కార్ఖానాలో అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. పోగు తెగింది, సాంచె ఆపు, చాయ్ వచ్చింది, అన్నీ చేతులే. కానీ మా ఇంట్లో ఆ చేతులు లోపలికి రాలేదు. అమ్మ బతికున్నన్నాళ్లు, ఎవరైనా చెయ్యి ఊపితే ఊరుకునేది కాదు. "ఇది కార్ఖాన కాదు, దేవుడు నోరిచ్చిండు" అనేది. బాపు కూడా కాళ్లు కడుక్కుని గడప దాటాక నోటితోనే మాట్లాడేవాడు. కూలివాళ్ల సైగలు కూలివాళ్లవి. అందుకే ఆ చెయ్యి లేచినప్పుడల్లా నేను పట్టుకుని దుప్పటి మీద పెట్టేదాన్ని. చూడవచ్చినవాళ్ల ముందు ఆయన అలా చేతులు ఆడించడం నాకు ఇష్టం లేదు. ఆ అమ్మాయి అడిగితే నరాల బలహీనత అన్నాను. ఆమె నమ్మింది.

ఒకసారి సాంచెలకు సెలవైన రోజున చిన్నాయన వచ్చాడు. వెంట ఇద్దరు కులపెద్దలు. ఇద్దరూ ఒకప్పుడు బాపు దగ్గర సాంచెలు నడిపినవాళ్లే. వాళ్లు రావడంలోనే నాకు అర్థమైంది, మాట ముందే అయిపోయిందని. ఇద్దరిలో పెద్దాయన మొదలుపెట్టాడు.

"ఆడమనిషివి, ఒక్కదానివి. లేపాలె, కూసోబెట్టాలె. నీతోని ఎట్లయితది బిడ్డా?"

"ఇన్ని రోజులు ఎవరు లేపిండ్రు కాకా? నువ్వొచ్చి లేపినవా?"

"గిట్ల మాట్లాడితె ఎట్ల. మంచికే చెప్తున్నం. మన ఊర్ల ఆశ్రమం మనోళ్లే నడుపుతున్నరు. పూటకింత తిండి, పొద్దుమీకి భజన. నీడపట్టున ఉంటడు."

"అన్నకు ఏడున్నా ఒకటే బిడ్డా" అన్నాడు చిన్నాయన. "ఆయనకేమన్న సమజైతుందా?"

బాపు ఎదురుగా కుర్చీలో కూర్చుని అన్నాడా మాట. బాపు కళ్లు ఆయన మీదే ఉన్నాయి.

"సమజైతుందో లేదో ఆయననే అడుగు" అని అట్ట తెచ్చి బాపు ఒళ్లో పెట్టాను. "ఆయన చెప్పేదాక నడుమల ఎవరూ మాట్లాడద్దు. పెద్దోడు మాట్లాడుతుంటె ఆగాలని నీకు మా తాత నేర్పలేదా చిన్నాయనా?"

చిన్నాయన కిటికీ వైపు చూశాడు. బాపు వేలు మెల్లగా లేచి 'ఇల్లు' మీద ఆగింది.

"అగో, ఊరికి పోత అంటుండు" అన్నాడు పెద్దాయన.

"పూర్తి కానియ్ కాకా."

వేలు పై వరసకు పోయింది. 'కాదు'.

"ఈ ఇల్లు కాదంటుండు. నీ దగ్గర ఉండనంటుండు బిడ్డా."

"కాదు" అన్నాను. "ఆశ్రమం ఇల్లు కాదంటున్నాడు. ఇక్కడే ఉంటానంటున్నాడు. కన్నబిడ్డ చేతి అన్నం తిని ఇక్కడే ఉంటాడు, మీరెవరూ..."

బాపు అరచేత్తో అట్టను కొట్టాడు. వేలు మూలకు పోయింది. ఆ తర్వాత లేచి నన్ను చూపించింది.

 ఆ మాట ఎవరెవరి మీద పడాలని రాశానో, వాళ్లందరి ముందు నా మీద పడింది.

"నిన్నే" అన్నాడు చిన్నాయన. ఆయన గొంతులో సంతోషం నాకు వినపడింది.

బాపు అట్టను ఒళ్లో నుంచి పక్కకు నెట్టాడు. ఎడమచెయ్యి ఎత్తాడు. గిల్లాడు, లాగాడు, అరచెయ్యి వెడల్పుగా చాపాడు, భుజం తుడిచాడు. అలవాటు చొప్పున చెయ్యి పట్టుకోవడానికి లేచాను.

"ఆగు" అన్నాడు చిన్నాయన. అంతకుముందటి గొంతు కాదది. ఆయన చెయ్యి తనకు తెలియకుండానే లేచి జవాబు చెబుతోంది. పెద్దాయన చెయ్యి కూడా మోకాలి మీద కదిలింది. ముగ్గురు మగవాళ్లు నా ఇంట్లో, నా ముందు, నాకు అందని భాషలో మాట్లాడుకున్నారు. చూస్తూ నిలబడ్డాను. నిలబడడం నాకు వచ్చు.

"కార్ఖానకు వస్తడట" అన్నాడు చివరికి చిన్నాయన. "ఆశ్రమం వద్దట. ఇంట్ల పొద్దంత పండుడు గూడ వద్దట. పొద్దుగాల షెడ్డుకు తీస్కపోవాల్నట."

"ఇంకా ఏదో అన్నాడు."

"నన్ను తిట్టిండు."

"ఏమని?"

"నీకు చెప్పేది కాదది."

సాంచెలు ఎలా పోయాయో తెలిసినదాన్ని, ఈ మనిషి నోటి మీదుగా వచ్చే బాపు మాటను ఎలా నమ్మాలి? అట్టను మళ్లీ బాపు ఒళ్లో పెట్టాను. "చిన్నాయన చెప్పింది నిజమేనా బాపూ?" అని అడిగాను. ఈసారి నోరు మూసుకుని ఆగాను. వేలు 'అవును' మీద పడింది. అక్కడి నుంచి 'రేపు' దగ్గరకు పోయింది.

చిన్నాయన కుర్చీలో ఇటూ అటూ కదిలాడు. "రేపంటె ఎట్ల అన్నా? దుమ్ముంటది, చప్పుడుంటది. బేపారోళ్లు వస్తరు పోతరు. గిట్ల కూసుంటె నలుగురు ఏమనుకుంటరు? కార్ఖాననా, దవాఖాననా అంటరు."

బాపు వేలు అట్ట మీద మళ్లీ కదిలింది. ఈసారి ఎవరూ మధ్యలో అందుకోలేదు. 'ఎవరిది?' మీద ఆగింది. అలాగే ఆగి ఉంది.

చిన్నాయన ఆ మాట చదివాడు.  పెద్దలిద్దరూ అతని ముఖం చూశారు. పెద్దాయన లేచి, "కూసోనియ్‌రా, ఆయన కూసోకుంటె ఇంకెవలు కూసుంటరు" అంటూ చెప్పులు వెతుక్కున్నాడు. వాళ్లకు నేను చాయ్ ఇవ్వలేదు.

మరునాడు ఆటోలో బాపును పక్కన ఒరిగించుకుని అమ్రోలి మీదుగా తాపీ నది దాటి ఉధ్నాకు పోయాను. షెడ్డు ముందు ఇద్దరు పనివాళ్లు కుర్చీతో సహా ఆయన్ను ఎత్తి లోపలికి తీసుకుపోయారు. గడప దగ్గరే ఆగిపోయాను. అట్ట నా చేతిలోనే ఉండిపోయింది. చప్పుడు తలుపులో నుంచి మీదికి వచ్చి పడుతోంది. లోపల ఎవరి నోరూ ఎవరికీ పనికిరాదు.

దగ్గరి సాంచె మీద ఉన్నవాడు బాపును చూసి భుజం తుడుచుకున్నాడు. దూరంగా ఉన్నవాడు అది చూసి తనూ తుడుచుకున్నాడు. సాంచె తర్వాత సాంచె, చివరి దాకా పోయింది. ఆ సైగ అర్థం నాకు చిన్నప్పుడే తెలుసు. బాపు భుజం మీద తువ్వాలు వేసుకుని తిరిగేవాడు. ఆసామి, అంటే యజమాని, వస్తున్నాడు, జాగ్రత్త అని పనివాళ్లు ఆయన వెనక చేసుకునే సైగ అది. ఆయనకు తెలియదనుకునేవారు. షెడ్డు చివర చిన్నాయన కూడా దాన్ని చూసి, పాత అలవాటున, తలుపు వైపు తిరిగాడు. బాపు ఎడమచెయ్యి అప్పటికే లేచింది. ఎక్కడో పోగు తెగిందని చూపిస్తోంది. చిన్నాయన పోయి ఆ సాంచె ఆపాడు.

తర్వాతి వారం గుజరాతీ అమ్మాయికి ఆ చేతుల సంగతి చెప్పాను. నరాల బలహీనత కాదన్నాను. ఆమె కోప్పడలేదు, అదీ నాకు నచ్చలేదు. నేర్పమని బాపునే అడిగింది, నన్నూ పక్కన కూర్చోబెట్టింది. కొన్ని నేర్చుకున్నాను. బయటివాళ్ల ముందు చేయను. ఇంట్లో అట్ట అట్టే. మూలనున్న మాట దగ్గర రంగు వెలిసింది. అది ఎక్కువగా నా వల్లే.

చిన్నాయనతో నేను ఇప్పటికీ మాట్లాడను. ఆ గుమ్మం ఇప్పటికీ తొక్కలేదు. సాయంత్రం బాపు కోసం పోయినప్పుడు గడప బయట నిలబడి భుజం తుడుచుకుంటాను. చిన్నాయన చూస్తాడు, లోపలికి తిరిగి ఆ సైగ బాపుకు అందిస్తాడు. ఒక్కోసారి బాపు వెంటనే బయల్దేరడు. అరచెయ్యి వెడల్పుగా చాపి నా వైపు చూపిస్తాడు, ఆగమని. ఆటో మీటరు తిరుగుతూనే ఉంటుంది. నేను ఆగుతాను.