తోడికోడళ్ల ఆట

చిన్నకోడలు కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని చేసేది. ఒకసారి జ్వరమని సెలవు పెట్టి తల్లిని చూడటానికి వెళ్లింది. పెద్దకోడలు ఇంటి ముందుగదిలో బట్టలు కుట్టేది. కొలతలివ్వడానికి వచ్చిన ఆ దుకాణందారు భార్యతో, జ్వరమూ లేదు గిరమూ లేదు, పుట్టింటికెళ్లిందని నోరు జారినట్టుగా చెప్పేసింది. వారం తిరక్కుండానే చిన్నకోడలి పని పోయింది. పని పోయినందుకు కాదు, ఆ కబురు తను ఇంటికి మోసుకొచ్చిన పూట తోడికోడలు సూదిలోకి దారం ఎక్కిస్తూ నవ్వినందుకు ఆమె కడుపు రగిలింది. తర్వాత ఇస్త్రీ దుకాణంలో చేరింది గానీ, ఇద్దరికీ మాటలు పోయాయి. వంటింట్లో ఒకరుంటే రెండోవారు ఆ గుమ్మం తొక్కేవారు కాదు.

వాళ్లను ఒకచోట కూర్చోబెట్టగలిగింది మామగారొక్కడే. ఒకప్పుడు బస్సులు బాగుచేసిన ఆ పెద్దాయన, కోడళ్లు కాపురానికొచ్చిన కొత్తలోనే ఇద్దరికీ చదరంగం నేర్పాడు. పక్షవాతంతో మంచాన పడ్డాక, సాయంత్రం పూట తన ఎదుట ఒక ఆట ఆడమని మాత్రం అడిగాడు. కాదనలేక ఆడేవారు.

"మామయ్యా, గుర్రాన్ని గడిలో సరిగ్గా పెట్టమనండి."

"మామయ్యా, సరిగ్గానే ఉంది, కళ్లు చూపించుకోమనండి."

ఏ మాటైనా ఆయన మంచం మీదుగానే.

గెలుపు ఎప్పుడూ పెద్దకోడలిదే. మంత్రిని ముందే బయటికి తీసి, దొరికిన బంటునల్లా తినేసి ఊపిరాడనిచ్చేది కాదు. రాజును మూలకు జరిపి, పక్కన ఏనుగును కాపలా పెట్టి కోట కట్టుకోమని మామగారు ఎంత చెప్పినా, దాక్కునేవాళ్ల ఆట తనది కాదనేది. ఇస్త్రీ పెట్టె తోస్తూ చిన్నకోడలు ఆ మాటనే నెమరేసుకునేది.

ఒక ఆదివారం పెద్దకోడలి మంత్రి, మూలనున్న బంటుకు ఆశపడి బల్ల ఆ చివరికి పోయింది. రాజు ఇంకా మొదటి గడిలోనే ఉన్నాడు. చిన్నకోడలు ఒంటెతో రాజు ముందరి బంటును కొట్టింది. పెద్దకోడలు మతిపోయిందా అన్నట్టు చూసి, ఆ ఒంటెను రాజుతోనే తినేసింది. వెంటనే గుర్రం చెక్ చెప్పింది. దాని వెనకే చిన్నకోడలి మంత్రి దిగింది. దిక్కులేని రాజు గడి తర్వాత గడి ముందుకొచ్చి బల్ల నట్టనడుమ నిలబడ్డాడు. కాయాల్సిన తన మంత్రి ఎక్కడో మూలన ఉండిపోయింది.

అక్కడే ఆట కట్టించవచ్చు. చిన్నకోడలు కట్టించలేదు. ఒక చెక్ చెప్పి ఏనుగును తీసింది. ఇంకొకటి చెప్పి మంత్రిని తీసింది. తీసిన పావునల్లా పెద్దకోడలి మోచేతి పక్కనే పేర్చింది.

"ముగించమ్మా," అన్నాడు మామగారు, వంకరపోయిన నోటితో.

ఆమె వినిపించుకోలేదు. చివరి బంటు కూడా పోయి, రాజు ఒంటరిగా మిగిలాకే ఆట కట్టించింది.

పెద్దకోడలు తలెత్తి, ఇన్నాళ్ల తర్వాత నేరుగా తోడికోడలితో మాట్లాడింది. "గెలిచావుగా. ఆ పని తిరిగొచ్చిందా?"

"రాలేదక్కా. నీ నవ్వు మాత్రం పోయింది."

పెద్దకోడలు లేచి వెళ్లిపోయింది. ఆ బల్ల ముందు మళ్లీ కూర్చోలేదు. మామగారు బతిమాలాడు, అన్నం మానేశాడు, అయినా కరగలేదు. తనతో ఆడమని చిన్నకోడలు పావులు పేర్చి కూర్చుంటే, ఆయన మొహం తిప్పుకున్నాడు.

"కట్టించాల్సిన చోట కట్టించి ఉంటే రేపూ వచ్చి కూర్చునేది. నువ్వు దాన్ని ఓడించలేదు, తరిమేశావు. మీ కక్షలు మీవి. సాయంత్రాలు నావి కదమ్మా."

పని పోయిన రోజున రాని ఏడుపు ఆమెకు అప్పుడొచ్చింది. అయినా పెద్దకోడలి దగ్గరికి వెళ్లి ఒక్క మాట అనడానికి కాళ్లు రాలేదు. కొన్నాళ్లకు చిన్నకోడలు, భర్త కలిసి ఆ ఇస్త్రీ దుకాణం ఉన్న వీధిలో వేరే గది చూసుకున్నారు. మామగారిని చూడటానికి మాత్రం వస్తూ ఉండేది. ఆమె చెప్పులు గుమ్మంలో కనిపిస్తే చాలు, ముందుగదిలో కుట్టుమిషను చప్పుడు రెట్టింపయ్యేది.