పెదనాయన కారుకు బెల్లు కట్టిన కథ

ఆ రోజుల్లో కార్లకు చేతులుండేవి. కోతలు కోస్తున్నాననుకునేరు, నిజంగానే ఉండేవి. ఇప్పటి కార్లకు మిణుకు మిణుకుమనే దీపాలున్నట్టు, అప్పటి ఇంగ్లీషు కార్లకు తలుపుల పక్కన జానెడు పొడుగు రేకు చెయ్యి అటొకటి ఇటొకటి దాక్కుని ఉండేది. స్టీరింగు దగ్గరున్న మీట తిప్పితే అది టప్పుమని బయటికి లేచి, కారు ఎటు తిరగబోతోందో దారినపోయే వాళ్ళందరికీ చూపించేది. మలుపు తిరిగాక మీట వెనక్కి తిప్పితే మళ్ళీ టప్పుమని లోపలికి పోయేది. తనంతట తాను పోయే తెలివి దానికి లేదు. ఇప్పటి కార్లు బెల్టు పెట్టుకోకపోతే ఒక కూత, తలుపు సరిగ్గా పడకపోతే ఇంకో కూత కూసి నడిపేవాడికి బుద్ధి చెబుతాయి. అప్పట్లో ఆ టప్పు ఒక్కటే హెచ్చరిక. మా పెదనాయన కారులో ఆ టప్పును పెద్దది చేయబోయి మేమంతా పడిన పాట్లు తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది. నవ్వు మొదలైన కాసేపటికే కొంగు వెతుక్కుంటాను.

పెదనాయనంటే మా నాయనకు అన్న. కొడవలూరులో వరి పండించుకునే ఇల్లు మాది. ఆయనకు పిల్లల్లేరు. రెండో ప్రపంచయుద్ధానికి ముందెప్పుడో తయారై, ఎందరి చేతులో మారి వచ్చిన నల్లకారు మాత్రం ఉండేది. ఊళ్ళో ఎవరికి నొప్పులొచ్చినా, ఎవరిని పాము కరిచినా నెల్లూరు ఆసుపత్రికి పోవడానికి ఆ కారే దిక్కు. అర్ధరూపాయి కూడా పుచ్చుకునేవాడు కాదు. (పెట్రోలు ఎవరు పోస్తారని మా పెద్దమ్మ అడిగితే, దేవుడు పోస్తాడనేవాడు. దేవుడు మా వడ్ల బస్తాలు అమ్మి పోసేవాడు.) నేను టీచరు ట్రైనింగు ముగించుకుని, సముద్రం ఒడ్డున ఒక పల్లెపాలెంలో బడిపంతులమ్మగా చేరగానే, "మా ఆడబిడ్డ బస్సు కోసరం రోడ్డు మింద నిలబడేదేంది? నేనుండానా లేదా?" అని పొద్దున దించి రావడం, సాయంత్రం తీసుకురావడం తన పని చేసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, మీసం దువ్వుకుని, కొత్త పెళ్ళికొడుకులా వచ్చి కూర్చునేవాడు. సరుగుడు తోపుల మధ్య ఇసుకలో కారు కూరుకుపోతే బడిపిల్లలే వచ్చి తోసేవాళ్ళు. ఆ రోజుకి మొదటి పాఠం అదే.

ఆయన చెవుల గొప్ప ఊరంతా చెప్పుకునేది. బానెట్టు మీద చెవి ఆనించి, లోపల ఏ మర వదులైందో చెప్పేవాడు. అలాంటాయన కారు చెయ్యి లోపలికి పోవడం మరిచిపోసాగింది. ముందు పసిగట్టింది బస్సు డ్రైవరు. ఒకరోజు కోవూరులో బస్సు దిగి వచ్చి, కారు ముందు నిలబడి చేతులు జోడించాడు. "పెద్దాయనా, కుడిపక్కకు తిరుగుతావు, తిరుగుతావు అని కొడవలూరు కాణ్ణించి నీ ఎనకాలే వస్తా ఉండా. యాడ తిరగదలిచినావో ఇప్పుడన్నా చెప్పు, నా బస్సు నేను తోలుకుంటా" అన్నాడు. పెదనాయన తల బయటికి పెట్టి, చాచి ఉన్న చెయ్యి చూసి, "ఇది ఎప్పుడు లేచిందబ్బా!" అని అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయాడు. ఇంకోసారి సంతలో కారు ఆపి లోపలికి వెళ్ళొచ్చేసరికి, ఎవడో ఆ చేతికి అరటి గెల తగిలించి బేరం చేసుకుంటున్నాడు.

అందరికీ విషయం అర్థమైంది. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదవులు చూసి గ్రహించేవాడు. వెనకనుంచి పిలిస్తే పలికేవాడు కాదు. కానీ చెప్పేదెవరు? మా ఇంట్లో ఒక అలవాటుండేది. పెద్దవాళ్ళకు ఏదీ తగ్గేది కాదు. మా జేజికి చూపు మందగించినప్పుడు ఇంట్లో అందరూ కిరసనాయిలు మంచిది రావడం లేదన్నారు. మా తాత పళ్ళన్నీ ఊడిపోయినప్పుడు ఆ ఏడు బియ్యం గట్టిగా ఉన్నాయన్నారు. ఆ లెక్కన మా పెదనాయనకు చెవుడు రాలేదు, కారుకే శబ్దం తగ్గింది. ఇలా అనుకోగానే అందరికీ ప్రాణం కుదుటపడింది. శబ్దం తగ్గితే పెంచుకోవచ్చు కదా.

నెల్లూరులో కార్ల కరెంటు పని చేసే సాయిబు ఒకాయన ఉండేవాడు. అందరూ బ్యాటరీ భాయ్ అనేవాళ్ళు. పనిలో మహా పౌరుషం మనిషి. తన పనికి వంక పెడితే కట్టిన వైరు పీకేసి డబ్బులు మొహాన కొట్టే రకం. ఆయన కారుకు చిన్న బజ్జరు బిగించాడు. చెయ్యి బయటున్నంత సేపూ అది తుమ్మెదలా జుమ్ముమంటూ ఉంటుంది. నాకు చెవులు గింగుర్లెత్తాయి. పెదనాయన మాత్రం పెదవి విరిచి, "ఏం బెల్లయ్యా ఇది? దానికి పానం ఉండాదా?" అన్నాడు. బ్యాటరీ భాయ్ మొహం ఎర్రబడింది. వైరు పీకేస్తాడనుకున్నాను. ఆయన పెదనాయన వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. "అవునన్నా, సరుకు మంచిది కాదు. ఇంకోటి తెస్తా" అన్నాడు మెల్లగా. తన పనికి తానే వంక పెట్టుకున్న బ్యాటరీ భాయ్‌ని నేను చూడటం అదే మొదలు.

రెండోసారి తెచ్చింది టూరింగు టాకీసులో ఆట మొదలయ్యే ముందు కొట్టే కరెంటు బెల్లు. టాకీసు మూతపడితే చవగ్గా వచ్చిందట. అది మోగితే కాలవ గట్టు మీద కొంగలు లేచిపోయేవి. పల్లెపాలెం పిల్లలు పలకలు పడేసి, "బెల్లు కొట్టినారు, ఆట యేస్తారు!" అని కారు చుట్టూ మూగేవాళ్ళు. పెదనాయన దాన్నీ మెచ్చుకోలేదు గానీ, "పర్లేదులే, ముందు దానికంటే నయం" అన్నాడు. ఆ బెల్లు మోగుతుండగానే నేను పక్కసీటులోంచి ఆయన మోచెయ్యి తట్టి, చెయ్యి బయటుందని సైగ చేసేదాన్ని. "తెలుసులేవే అమ్మణ్ణీ, వినపడతానే ఉండాదిగా" అని మీట తిప్పేవాడు. అలా కొన్నాళ్ళు బెల్లు మోగడం దాని పని, తట్టడం నా పని అయింది.

ఒకరోజు పక్కసీటులో వేరుశెనగ బస్తా పెట్టుకుని వచ్చాడు. నేను వెనక కూర్చున్నాను. కాలవ వంతెన దాటాక కుడివైపు లేచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. బెల్లు గణగణా మోగుతోంది. వెనక సైకిలు మీద వస్తున్న పాలాయన, కారు కుడికి తిరుగుతుందని నమ్మి ఎడమ పక్కనుంచి దాటబోయాడు. పెదనాయన ఎడమకు తిప్పాడు. పాలాయన అరిచిన అరుపు నా చెవుల్లో ఇప్పటికీ ఉంది. నేను లేచి పెదనాయన భుజం పట్టుకుని గుంజేసరికి పాలాయన, సైకిలు, రెండు క్యాన్లు పొలంలో పడిపోయాయి. పాలన్నీ మళ్ళలో కలిసిపోయాయి. ఆయన కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగి వేలాడుతోంది.

పెదనాయన మోకాలి లోతు బురదలో దిగి, ఇస్త్రీ చొక్కా బురదైపోతున్నా చూసుకోకుండా ఆయన్ని చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని తెచ్చి కారులో పడుకోబెట్టాడు. "ఎంత పని జరిగిపోయిందయ్యా! ఒక్క అరుపు అరిచుంటే నిలిపేసుండేవాణ్ణి గదా" అన్నాడు, పాలాయన మొహంలోకి చూస్తూ. గొంతు చిరిగిపోయేలా అరిచిన ఆ మనిషి నొప్పితో పళ్ళు బిగించుకుని నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. "అరవలేదు పెద్దాయనా. బయంతో గొంతు పెగల్లేదు" అన్నాడు. ఆ మాటకు నాకు కారులోనే ఏడుపొచ్చేసింది. మా ఇంటి అలవాటు ఊరంతటికీ ఉందని నాకు ఆ రోజు తెలిసింది.

ఆ సాయంత్రం పెదనాయన ఆసుపత్రి దగ్గరే ఉండిపోయాడు. ఇంట్లో మాత్రం పంచాయితీ జరిగింది. "ఈసారి చెయ్యి విరిగింది. రేపు ఇంకేదైనా జరిగితే? కారు తాళం తీసి దాచేయండి" అన్నారు మా నాయన. పెద్దమ్మ చెంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. "దాచేస్తే ఆయన మనిషిగా మిగలడయ్యా. పొద్దున లేస్తే కారు తుడవందే కాఫీ ముట్టడు. ఊరికి అక్కరకొస్తా ఉండాననే ఒక్క ధైర్యంతో బతకతా ఉండాడు. పోనీ, నువ్వే చెప్పు, నీకు చెవుడొచ్చింది, ఇంట్లో కూర్చో అని. చెప్పగలవా?" అంది. మా నాయన తన అన్న ముందు అప్పటిదాకా కుర్చీలో కూడా కూర్చున్న మనిషి కాదు. చివరికి అందరం కలిసి ఒక నిర్ణయానికొచ్చాం. బెల్లు చాలలేదు. ఇంకా పెద్దది కట్టాలి.

బ్యాటరీ భాయ్ ఈసారి లారీ హారను తెచ్చాడు. దానికోసం వేరే బ్యాటరీ ఒకటి వెనక సీటు కింద పెట్టి, హారను స్టీరింగు కిందే బిగించాడు. మధ్యాహ్నం వాకిట్లో పరీక్ష. పెదనాయన సీట్లో కూర్చున్నాడు. పెద్దమ్మ గడప మీద, నేనూ నాయనా పందిరి కింద, ఇరుగుపొరుగు గోడల మీదుగా చూస్తున్నారు. "తిప్పన్నా!" అని చేత్తో సైగ చేశాడు బ్యాటరీ భాయ్. పెదనాయన మీట తిప్పాడు.

ఆ మోత ఎలా చెప్పను? పెయ్యదూడ పలుపు తెంపుకుని వీధిలో పడింది. కోళ్ళు ఇంటికప్పు ఎక్కాయి. పక్కింటి పసిబిడ్డ ఉయ్యాల్లోంచి కెవ్వుమంది. పెద్దమ్మ రెండు చెవులూ మూసుకుని లోపలికి పరుగెత్తబోయి గడప తట్టుకుంది. నేను చెవుల్లో వేళ్ళు పెట్టుకుని పగలబడి నవ్వుతున్నాను. అంతలో పెదనాయన వైపు చూశాను. ఆయన స్టీరింగు పట్టుకుని నిటారుగా కూర్చుని, తల కాస్త పక్కకు వంచి, ఎదురుచూస్తున్నాడు. కాసేపు చూసి, బ్యాటరీ భాయ్ వైపు తిరిగి, "ఏమయ్యా, వైరు ఇంకా కలపలేదా?" అన్నాడు.

అప్పుడు ఆయనకు మేము కనిపించాం. చెవులు మూసుకున్న పెద్దమ్మ, చెవుల్లో వేళ్ళు పెట్టుకున్న నేను, గోడల మీద చెవులు కప్పుకున్న ఊరు. మేము గబుక్కున చేతులు దించేశాం. ఆలస్యమైపోయింది. ఆయన ఒక్కొక్కరి మొహమే చూసుకుంటూ వచ్చాడు. తర్వాత అరచెయ్యి తీసుకెళ్ళి హారను మీద పెట్టాడు. అది అదురుతోంది. ఆ అదురు ఆయన మోచేతి దాకా పాకడం నేను పందిరి కిందినుంచే చూశాను. చాలాసేపు అలాగే ఉంచి, మీట వెనక్కి తిప్పాడు. "ఆఁ, ఇప్పుడు బాగుండాది. బాగా వినపడతా ఉండాది భాయ్. మంచి పనోడివి" అన్నాడు. బ్యాటరీ భాయ్ స్పానర్లు ఏరుకునే నెపంతో కారు వెనక్కి వెళ్ళి, తలపాగా చెంగుతో కళ్ళు తుడుచుకున్నాడు.

మర్నాడు పొద్దున నేను తయారై బయటికొస్తే పెదనాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. కారు మీద దుప్పటి కప్పి ఉంది. "ఇంక బస్సులో పోదువు పదమ్మా. ఈ కారు ముసల్దయిపోయింది. దానికి ఎన్ని కట్టినా వినపడటం లేదు" అన్నాడు. నేను "అవును పెదనాయనా, పాత కారు కదా" అన్నాను. ఇంకేం అనగలను? ఇద్దరం రోడ్డు దాకా నడిచాం. ఆయన ఆ ఉదయం కారు తుడిచాడో లేదో, కాఫీ తాగాడో లేదో అడగడానికి నాకు నోరు రాలేదు. బస్సు ఆయన వెనకనుంచి వచ్చింది. నేను మోచెయ్యి తట్టాను. ఉలిక్కిపడి పక్కకు జరిగి, గొడుగు నాకిచ్చి, బస్సు ఎక్కించాడు. కిటికీలోంచి చూస్తే, ఇంటికి ఎటు పోవాలో తెలియని మనిషిలా రోడ్డు పక్కనే నిలబడి ఉన్నాడు. ఆ తర్వాత ఆయన ఎక్కువ కాలం లేడు.

ఇప్పుడు ఆయన కంటే నా వయసే ఎక్కువ. ఈమధ్య మా అబ్బాయి వాకిలికి కాలింగు బెల్లు మార్చాడు. పాతది పాడైందన్నాడు. కొన్నాళ్ళకు అది కూడా మంచిది కాదని ఇంకోటి తెచ్చాడు. మొన్న మూడోది బిగించి, బయటికి వెళ్ళి నొక్కి వచ్చి, "ఎలా ఉందమ్మా?" అని నా మొహంలోకి చూస్తూ అడిగాడు. కోడలు వంటింటి గుమ్మంలో ఊపిరి బిగబట్టి నిలబడింది. నాకు ఏమీ వినపడలేదు. బల్ల మీదున్న బెల్లు డబ్బా పైన కోయిల బొమ్మ కనిపించింది. "కోయిల భలే కూస్తోందిరా" అన్నాను. వాడు హమ్మయ్య అనుకుని నవ్వాడు, నేనూ నవ్వాను. అది నిజంగా కోయిలో కాదో మాత్రం ఇంతవరకూ ఎవరినీ అడగలేదు.