చల్లటి బండి కింద మెకానిక్ మామ

మొన్న పొద్దున ఇస్నాపూర్ నుంచి ఫోన్ వచ్చింది, మెకానిక్ మామ పోయిండని. అప్పటి నుంచి నాకు ఒక్కతాన కాలు నిలుస్తలేదు. కూసుంటే లేవబుద్ధయితది, లేచి బయటికి పోతే ఎందుకొచ్చిన్నో తెలుస్తలేదు. ఒకసారి వచ్చిపొమ్మని పోయిన నెల మామ కబురు పెట్టిండు. వచ్చే ఐతారం పోదామనుకున్న. ఆ ఐతారం ఏదో పనిల దాటిపోయింది.

మామ నాకు సుట్టమేం కాదు. ఇస్నాపూర్ల రోడ్డు పక్కన రేకుల షెడ్డుల బండ్లు బాగుచేసేటోడు. డ్రైవర్లమందరం మామా అనే పిలిచేటోళ్లం.

పదేండ్ల కింద నేను చిట్కుల్ నుంచి ఫ్యాక్టరీకి ఆడోళ్లను తీస్కపోయే వ్యాను నడిపేటోన్ని. అప్పుడే పెండ్లయింది. ఆ చలికాలం బండి నన్ను సతాయించింది. సాయంత్రం రేడియేటర్ల పచ్చటి కూలెంటు కలిపిన నీళ్లు నిండా పోసి పెడితే, పొద్దటికి సగానికి దిగేది. రెండుసార్లు ఇంజను వేడెక్కి నడిరోడ్డు మీద ఆగింది, ఆడోళ్లకు డ్యూటీ తప్పింది. మధ్యాహ్నం బండి ఓనరు సేటు చెప్పిన వేరే షెడ్డుల చూపిస్తే చుక్క కారేది కాదు. నేను నీళ్లే పోస్తలేనని సేటు తేల్చిండు. ఇంకోసారి ఆగితే తాళాలిచ్చి పొమ్మన్నడు. వినీ వినీ, నిజంగ పోసిన్నా లేదా అని నాకే అనుమానం పట్టుకున్నది.

మామకు చెప్పిన. బండి ఏ యాళ్ల చూపిస్తున్నవని ఒక్కటే అడిగిండు. ఆ సాయంత్రం సేటు ఇంటి ముందట బండి పెట్టినంక ఇంజను కింద పొడి రేకు పరువుమని, తాను వచ్చేదాక బండి తియ్యొద్దన్నడు.

తెల్లారంగనే సైకిలు మీద వచ్చిండు. నేలంత మంచుకు తడిసే ఉంది, రేకు మీద మాత్రం పచ్చటి మరక. వేలితోని రాసి చూసిండు. జిగటగ ఉంది, ఇది మంచు కాదన్నడు. సేటును పిలుచుకరమ్మన్నడు.

సేటు శాలువ కప్పుకొని వచ్చిండు. మామ బండి కిందికి దూరి, వంగి చూస్తున్న సేటు చెయ్యి పట్టుకొని రేడియేటర్ కింది రబ్బరు పైపు కొసకు తాకించిండు.

"సూడు సేటూ. చలికి రబ్బరు ముడుసుకుంటది, దాన్ని బిగించిన పట్టి వదులైతది. ఇంజను కాగితే ఉబ్బి మళ్లా మూసుకుంటది. ఈ పిలగాడు నీళ్లు పోస్తనే ఉన్నడు."

సేటు తడి వేలు శాలువకు తుడుచుకొని, బాగుచెయ్యమని చెప్పి లోపలికి పోయిండు. మామ పానా ఎతుక్కుంట, తనలో తను అనుకున్నట్టు అన్నడు.

"మనిషిని అనే ముందు, బండిని సల్లగున్నప్పుడు సూడాలె."

పైపు, పట్టి కొత్తయి వేసేసరికి ఆడోళ్లు వచ్చి ఎక్కిన్రు. చల్లటి ఇనుముకు మామ వేళ్లు కొంకర్లు పోయినయి. నేను ఇంజను స్టార్ట్ చేసి కొంచెం కాగనిస్తే, రెండు అరచేతులు బానెట్టు మీద పెట్టి కాపుకున్నడు. గేరు వేసినంక పక్కకు జరిగిండు.

కొంచెం దూరం పోయి అద్దంల చూసిన. మంచుల మామ ఒక్కడే నిలబడ్డడు. బండి లేని జాగల రెండు చేతులు ఇంకా గట్లనే చాపుకొని ఉన్నడు.