నాలుగు గంటలు దాటిన విమానం

ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించినప్పుడు నేను ఫింటాస్‌లో ఒకరి ఇంట్లో పనిచేసేదాన్ని. మామా అని నేను పిలిచే యజమానురాలు, ఆమె ఇంటివాళ్లు సౌదీకి వెళ్లిపోవడంతో, రాయచోటిలో మా వీధి నుంచే వచ్చి కువైట్‌లో పనిచేస్తున్న నూర్జహాన్ అక్కతో, ఆమె భర్తతో కలిసి బస్సెక్కాను. జోర్డాన్ సరిహద్దుకని చెప్పిన డ్రైవరు మమ్మల్ని బాగ్దాద్‌లో దింపేసి పోయాడు. అక్కడి నుంచి ఎలాగో జోర్డాన్ ఎడారిలోని గుడారాలకు చేరాం. ఆ ఎండకు అక్క భర్త చనిపోయాడు. ఆయనను అక్కడే ఇసుకలో పూడ్చి, ఆయన గడియారాన్ని అక్క తన చేతికి కట్టుకుంది.

చివరికి అమ్మాన్‌లో బొంబాయి విమానం ఎక్కించారు. మాకు తెలిసిన లెక్క ఒకటే, కువైట్ నుంచి బొంబాయికి నాలుగు గంటలు.

అక్క గడియారం చూసుకుంది. "నాలుగు గంటలు దాటిపాయ. మళ్లా బాగ్దాద్‌కే తోలకపోతాండారేమో" అంది.

ఆ మాట వరసల వెంట పాకింది. ఆడవాళ్లు ఏడుపు అందుకున్నారు. మగవాళ్లు లేచి పైలట్ గది వైపు తోసుకుపోయారు. నేను అక్క చేయి పట్టుకున్నాను.

ఎయిర్‌హోస్టెస్ అడ్డంగా నిలబడి, బొంబాయికే వెళ్తున్నామని, అక్కడికి కువైట్ కంటే అమ్మాన్ ఇంకా దూరమని హిందీలో నచ్చజెప్పింది. అందరూ కూర్చున్నారు.

"అంటే ఇన్ని దినాలూ ఇంటికి ఎడంగా పోతిమా?" అంది అక్క. "మాయన్ను ఇంకా దూరం తీసకపోయి పూడ్చొస్తిమే."

ఇప్పుడు మా వీధి పిల్లలు కువైట్‌కు బయలుదేరుతూ, నాలుగు గంటలే కదా అంటారు. అప్పుడు నేను అక్క ముఖంలోకి చూడను.