గేటు పక్క గునుగు

మా మేనత్త పోయిన రోజు నాకు పాలాయన ఫోను చేశాడు. పొద్దున ఏడు కూడా కాలేదు. "సార్, ఎంత కొట్టినా అమ్మ తలుపు తీస్తలేదు. రోజూ గడప మీద గిన్నె పెట్టి ఉంటది, ఇయ్యాల అది సుత లేదు. జెర జల్దీ రా సార్" అన్నాడు. సికింద్రాబాద్ కార్ఖానాలోని మా ఇంటి నుంచి అల్వాల్, శామీర్‌పేట దాటి ఆ ఊరు చేరేసరికి గంట పైనే పట్టింది. నేను వెళ్ళేలోగా పక్క చేను వాళ్ళు ఎలాగో తలుపు తెరిచారు. నిద్రలోనే పోయింది. మంచం పక్క స్టూలు మీద కాగితంలో చుట్టిన బీర గింజలు ఉన్నాయి. ముందురోజు మంచి వాన పడింది. బతికి ఉంటే ఆ పొద్దున అవి నాటేది.

తెలియనివారికి చెబుతున్నాను. మా అత్త అంటే నాన్నకు అక్క. సికింద్రాబాద్‌లో ఒక సర్కారు బడిలో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పింది. పిల్లలు లేరు. మామయ్య చనిపోయిన ఏడాదే రిటైరయింది. వాళ్ళిద్దరూ ఎప్పుడో కొని పెట్టుకున్న ఎకరం చెలకలో రెండు గదుల ఇల్లు ఉంటే, సామాను సర్దుకుని అక్కడికి వెళ్ళిపోయింది. ఊరవతల ఒక్కతే ఎలా ఉంటుందని ఇంటిల్లిపాదీ గోల పెట్టాం. "అరవై మంది పిల్లల నడుమ ఉన్నదాన్ని, మామిడిచెట్ల నడుమ ఉండలేనా?" అంది. ఆరు నెలల్లో తిరిగొస్తుందని నాన్న అన్నాడు. పద్దెనిమిదేళ్ళు ఉంది.

ఆ ఇంటికి వెళితే మాకు చుట్టరికం తక్కువ, పని ఎక్కువ. ఎండాకాలం వెళితే మామిడికాయలు కోయించేది. తొలకరికి వెళితే వంకాయ నారు నాటించేది. చలికాలం చిక్కుడు పందిరి కింద నిలబెట్టి "ఎన్ని గుత్తులున్నయో ఎంచు" అనేది. తప్పు చెబితే మళ్ళీ మొదటి నుంచి ఎంచాలి, లెక్కల టీచరు కదా. కూరగాయలు సంచీలో వేసి ఇవ్వడం ఆమె ఎరగదు. చేతికి గంప ఇచ్చి తోటలోకి తోలేది. "తెంపుకొని పో. నేను తెంపిస్తే బజార్ల కొన్నట్టే ఉంటది" అనేది. మా ఆవిడది కాకినాడ వైపు. పెళ్ళయిన కొత్తలో గోంగూర ఉందాండీ అని అడిగింది. "గోంగూర లేదమ్మా, పుంటికూర ఉన్నది. రెండూ ఒక్కతీరే ఉంటయి గని, మాది జెర పులుపెక్కువ" అని నవ్వి, ఆవిడకూ ఒక గంప ఇచ్చింది.

పాదు పాదుకూ గీత గీసినట్టు తోట పెంచిన మనిషి, గేటు పక్క నాలుగు గుంటల జాగా, ఎకరంలో పదోవంతు, మాత్రం బీడుగా వదిలేసింది. అక్కడ నాగలి పెట్టనిచ్చేది కాదు, కలుపు తీయనిచ్చేది కాదు. అంచు వెంబడి తంగేడు పొదలు, మిగతాదంతా గునుగు. మీకు గునుగు తెలిసే ఉంటుంది. చేలో మొలిస్తే రైతు తిట్టుకుంటూ పీకేస్తాడు. పూసేదాకా దాన్ని అందరూ గడ్డి కిందే లెక్కేస్తారు. భాద్రపదం వచ్చేసరికి తెల్లగా, కొసలు కాస్త గులాబీ రంగు తిరిగి కుచ్చులు కుచ్చులుగా పూస్తుంది. బతుకమ్మ పేర్చాలంటే అది లేనిదే కుదరదు. "అది నా తోట కాదు, మీ అందరిది. దాంట్ల ఎవ్వరు చెయ్యి పెట్టొద్దు" అనేది అత్త.

సద్దుల బతుకమ్మకు ముందురోజు మా చుట్టాలంతా అక్కడే ఉండేవాళ్ళం. సైనిక్‌పురి నుంచి మా చిన్నాన్న కూతురు, అంటే నాకు చెల్లె, తన అత్తింటివాళ్ళతో సహా వచ్చేది. ఏడెనిమిది ఇళ్ళ మనుషులం పొద్దున్నే బీడులో దిగి గునుగు తెంపేవాళ్ళం. మధ్యాహ్నం వసారాలో కూర్చుని కట్టలు కట్టి, కొన్నిటిని రంగుల్లో ముంచి ఆరబెట్టేవాళ్ళం. వేళ్ళకు అంటిన రంగు దసరా దాటినా పోయేది కాదు. రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలు, పెద్ద గిన్నె నిండా చాయ్, ఒకరి మీద ఒకరు వేసుకునే జోకులు. అత్త నడుమ కూర్చుని అందరి కట్టలూ పరీక్ష పేపర్లు దిద్దినట్టు తిప్పి తిప్పి చూసేది. "ఏడాదికి ఒక్కదినం నా హాజరుపట్టీ నిండుతది" అనేది. ఆ రోజు ఆమె గొంతు కూడా మారిపోయేది.

మొదట్లో బస్సుల్లో, ఆటోల్లో వెళ్ళేవాళ్ళం. తరవాత అందరికీ కార్లు వచ్చాయి. వాన పడిందంటే గేటు దగ్గర ఎర్రమట్టి మెత్తగా ఉడికిన జావలా అయ్యేది. ఒక ఏడు చెల్లె వాళ్ళ కారు సగం చక్రం దాకా దిగబడింది. పదిమందిమి నెట్టాం. ఆడవాళ్ళు కూడా కుచ్చిళ్ళు ఎగదోపుకుని చేయి వేశారు. చక్రం గిర్రున తిరిగేసరికి చెల్లె భర్త, మా బావ తెల్లచొక్కా కాస్తా ఎర్రచొక్కా అయింది. అత్త వసారాలో కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది. బావతో సహా అందరూ నవ్వారు. నాకే నవ్వు రాలేదు. నేను సివిల్ ఇంజనీరును. చుట్టాల బండ్లు బురదలో దిగబడుతుంటే చూస్తూ ఊరుకోవడానికా నేను చదివింది అనిపించింది. నాకు ఆ బుద్ధి పుట్టిన రోజును ఇప్పుడు తిట్టుకోని పూట లేదు.

నాలుగేళ్ళ కింద ఆషాఢంలో అత్తకు కంటి ఆపరేషన్ అయింది. మూడు వారాలు కార్ఖానాలో మా ఇంట్లోనే ఉంచుకున్నాం. ఇదే అదను అనుకున్నాను. ఆమె తిరిగి వెళ్ళేసరికి గేటు పక్క చక్కటి పార్కింగ్ చేయించి పెడితే ఎంత మురిసిపోతుందో అని నాకు నేనే ముచ్చటపడ్డాను. మా ఆవిడకు తప్ప ఎవరికీ చెప్పకుండా జేసీబీ పిలిపించాను. గునుగు అప్పటికి మోకాలెత్తు ఉంది, ఒక్క పువ్వు లేదు. జేసీబీ నడిపే మనిషి ఇంజను ఆపి, దిగి వచ్చాడు.

"సార్, ఇది గునుగు కద. ఆడోళ్ళు బతుకమ్మకు తెంపుకుంటరు. తీసెయ్యాల్నా?"

"ఎక్కడన్న మొలిచేదే కద. ఇంకో దిక్కు వస్తదిలే, తియ్యి" అన్నాను.

ఏటా ఆ పూలు తెంపినవాణ్ణి నేను. తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు. తంగేడు పొదలు బండ్లు తిప్పుకోవడానికి అడ్డమని వాటినీ తీయించాను. ఆరంగుళాల మందాన కాంక్రీటు పోయించి, వాన నీళ్ళు నిలవకుండా వాటం పెట్టించి, పని బాగా కుదిరిందని ఫొటోలు కూడా తీసుకున్నాను.

శ్రావణంలో అత్తను దింపడానికి వెళ్ళాను. నల్లద్దాలు పెట్టుకుని ఉంది. కారు దిగి ఒక్క అడుగు వేసి ఆగిపోయింది. చెప్పు విడిచి అరికాలితో నేలను తడిమింది.

"ఏందిది అల్లుడా?"

"పార్కింగ్ అత్తా. పన్నెండు బండ్లు పడ్తయి. ఇగ ఎవ్వరూ దిగబడరు."

అద్దాలు తీసి ఆ కొస నుంచి ఈ కొస దాకా చూసింది. "గునుగు?" అంది. అంతే. నేను గబగబా ఏదో చెప్పాను, బావి దగ్గర చల్లుకుందాం, గింజలు నేనే తెస్తా అని. కాసేపటికి నా భుజం తట్టి, "మంచిగనే చేసినవ్. బండ్లకు తక్లీఫ్ లేదిగ" అని లోపలికి వెళ్ళింది. ఎంత పని చేశానో నాకు అప్పుడే తెలిసింది. తప్పయింది అత్తా అనడానికి అంతకంటే మంచి సమయం లేదు. చాయ్ తాగి, ట్రాఫిక్ పెరుగుతుందని చెప్పి వచ్చేశాను. తరవాత గింజలు తీసుకెళ్ళి బావి దగ్గర చల్లాను కూడా. మామిడి నీడకు సన్నగా మొలిచి, పూయకుండానే వాలిపోయాయి.

ఆ ఏడు పూల రోజుకు నేను వెళ్ళలేదు. సైటులో పని ఉందన్నాను. మా ఆవిణ్ణీ ఆపాను, ఆ మాట ఎవరి దగ్గరా ఎత్తొద్దని గట్టిగా చెప్పాను. వెళ్ళినవాళ్ళంతా ఉత్త చేతులతో తిరిగొచ్చి మోండా మార్కెట్‌లో పూలు కొనుక్కున్నారని విన్నాను. మరుసటి ఏడు నుంచి ఎవరూ వెళ్ళలేదు. అత్త చెప్పే ఉంటుంది, నా మీద కోపంతోనే మానేశారని నమ్మాను. పెళ్ళిళ్ళలో చెల్లె కనబడినా, మాటల్లో ఆ సంగతి ఎక్కడ వస్తుందోనని ప్లేటు పట్టుకుని ఇంకో మూలకు వెళ్ళిపోయేవాణ్ణి. అత్త దగ్గరికి మాత్రం నెలకో రెండు నెలలకో వెళ్ళేవాణ్ణి. అదే గంప, అదే "తెంపుకొని పో". చుట్టాలెందుకు రావడం లేదని ఆమె అడగలేదు. నేను చెప్పలేదు. పన్నెండు బండ్ల జాగాలో నా ఒక్క కారు ఉండేది.

ఆమె నన్ను అడిగింది ఒక్కసారే, మొన్న మే నెలలో. మామిడికాయలు గంపకెత్తుతూ, "ఆ గేటు మూలకు జెర పగులగొట్టియ్యరాదా అల్లుడా. మూరెడు జాగ అయినా సాలు. కింద గింజ ఉండే ఉంటది" అంది. వానలకు ముందే చేయిస్తానన్నాను. ఒక్క మనిషికి ఒక్క పూట పని. నా సైట్లలో రోజూ ఎంతమంది ఆ పని చేస్తుంటారో చెప్పలేను. ఈ వారం కాదు, వచ్చే వారం అనుకుంటూ పోయాను. వాన వచ్చేసింది. ఆ వెనకే పాలాయన ఫోను వచ్చింది.

పదకొండో దినానికి అందరూ వచ్చారు. సన్నగా తుంపర పడుతూ ఉంది. ఒక్కో కారే వచ్చి ఆ కాంక్రీటు మీద వరుసగా నిలబడింది. నేను గీయించిన గీతల మధ్య పన్నెండూ నిండాయి. దాన్ని చూడలేక వసారాలో స్తంభం పక్కకు తిరిగి నిలుచున్నాను. చెల్లె వచ్చి నా పక్కన నిలబడింది. ఇక తప్పించుకోవడానికి మూల లేదు.

"అత్త పోయించిన సిమెంటు ఇయ్యాలటికి పనికొచ్చింది అన్నా" అంది.

"అత్త పోయించిందా?"

"అదేందన్నా, నీకు తెల్వదా? ఆ ఏడు మేమొచ్చి, పూలేవి అత్తా అని అడిగితే ఆమెనే చెప్పింది. నాతోని అయితలేదు బిడ్డా, ఆ గడ్డి, ఆ పురుగూ పుట్రా చూసుకునే ఓపిక లేదు, అందుకే సిమెంటు పోయించిన అన్నది. అత్త ఓపిక లేదన్న మాట మేము ఎన్నడన్న విన్నమా? ఇగ ఇంతమందిమి పోయి ముసలామెను పరేషాన్ చేసుడెందుకని అందరం అనుకొని బంద్ చేసినం."

నేను తిట్లు తప్పించుకుంటున్నానని అనుకున్నన్నాళ్ళూ, నా తిట్లన్నీ ఆమె తన పేరు మీద రాసుకుని కూర్చుంది. నా పేరు ఒక్కసారి చెప్పి ఉంటే, వీళ్ళు నన్ను నాలుగు మాటలని ఆమె దగ్గరికి మాత్రం వస్తూనే ఉండేవారు. లెక్కల టీచరుకు అది తెలియకుండా ఉంటుందా? తెలిసీ చెప్పలేదు. చెల్లెకు అక్కడే చెప్పేశాను. మిగతా చుట్టాలకు, అత్తను ఎరిగినవారికి ఇలా రాసి చెబుతున్నాను. ఆ సిమెంటు పోయించింది మా అత్త కాదు, నేను. మీరు రావడం ఆమెకు ఏనాడూ బరువు కాలేదు.

చెల్లె నా వైపు తిరిగింది. తిట్టలేదు, తిడితే బాగుండేది. "అంటే ఆమెకు ఓపిక ఉండెనా అన్నా? మరి ఈ మూడేండ్లు మా కోసం చూసిందా?" అంది.

పూల రోజున నేనూ అటు వెళ్ళినవాణ్ణి కాదు. నాకేం తెలుసు? జవాబు పాలాయన చెప్పాడు. వంటలకు పాలు తెచ్చి మెట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"చూసిందమ్మా. ఏటా సద్దులకు ముందు దినం నాలుగు లీటర్లు ఎక్కువ పోయించుకుంటుండె. చుట్టాలొస్తరు, చాయ్ పెట్టాలె అంటుండె. పోయినేడు సుత పోయించుకున్నది. తెల్లారి నేనొచ్చేసరికి అన్ని పాలూ తోడేసి ఉంటుండె. మా ఇంటికి పట్కపొమ్మని పెరుగంత నాకే ఇస్తుండె."

ఇంతలో లోపలి నుంచి ఎవరో ట్రేలో చాయ్ తెచ్చి మా ఇద్దరి చేతుల్లో గ్లాసులు పెట్టి వెళ్ళారు. వాటిని పట్టుకుని అలాగే నిలబడ్డాం. చూస్తుండగానే చాయ్ మీద మీగడ కట్టింది. ఇద్దరిలో ఎవరమూ నోటి దాకా తీసుకోలేకపోయాం.